టూలియా: ఒక్క పోలీసు మాట మీద నల్లవాడ జైలుపాలైన ఊరు

టెక్సాస్ రాష్ట్రం ఉత్తర కొసన, అమరిల్లో నగరానికి 80 కిలోమీటర్లు దక్షిణంగా ఉన్న చిన్న పట్టణం టూలియా. స్విషర్ కౌంటీకి ముఖ్య కేంద్రం. జనాభా ఐదు వేల లోపే. పత్తి, గోధుమ, జొన్న, పశువుల సంత. ఇంతకుమించి చెప్పుకోదగ్గది ఏమీ లేని ఊరు. లబ్బాక్‌లోని టెక్సాస్ టెక్ యూనివర్సిటీలో చదువుకునే తెలుగు పిల్లలు పాలో డ్యూరో లోయ చూడ్డానికి ఇరవై ఏడో నంబరు హైవే మీద ఉత్తరానికి వెళ్తే ఈ ఊరు దారిలోనే వస్తుంది. పెట్రోలు పోయించుకుని సాగిపోయే చోటు.

1999 జూలై 23 తెల్లవారుజామున ఈ ఊళ్లో 46 మంది మీద మత్తుపదార్థాల కేసులు పెట్టి అరెస్టులు మొదలుపెట్టారు. అందులో 39 మంది నల్లజాతివారు. ఊరి మొత్తం మీద నల్లవాళ్లు నాలుగు వందలకు అటూ ఇటూ. పిల్లల్నీ ముసలివాళ్లనీ పక్కన పెడితే, వాడలో పనిచేసే వయసున్న ప్రతి ఇంటికీ ఏదో ఒక రకంగా ఆ దెబ్బ తగిలింది. అందరి మీదా సాక్ష్యం ఒకే ఒక్క మనిషిది. అతడు తెల్లజాతి పోలీసు, పేరు టామ్ కోల్‌మన్. అతడి మాట తప్ప ఫొటో లేదు, వీడియో లేదు, రికార్డు చేసిన సంభాషణ లేదు, రెండో సాక్షి లేడు. ఆ మాట అబద్ధమని అదే రాష్ట్రంలోని కోర్టు ఒప్పుకోవడానికి నాలుగేళ్లు పట్టింది.

తప్పు పడ్డ పేరు

ఊరి పేరే ఒక గుమాస్తా పొరపాటు అంటారు. 1887లో ఇక్కడ పోస్టాఫీసు పెట్టినప్పుడు, దగ్గర్లో పారే టూలీ వాగు పేరు మీద టూలీ అని రాయబోయి టూలియా అని రాశారట. అదే స్థిరపడింది. 1890లో కౌంటీ పాలన మొదలైంది, టూలియా దానికి కేంద్రమైంది. 1906లో రైలు వచ్చాక ఊరు ఊరయ్యింది.

అంతకుముందు ఆ నేల ఎవరిదన్న సంగతి ఊరి చరిత్రల్లో రెండు వాక్యాల్లో ముగుస్తుంది. అది కొమాంచీలు, కయోవాలు అడవిదున్నల్ని వేటాడుతూ తిరిగిన మైదానం. 1874 సెప్టెంబరులో కల్నల్ మెకంజీ నాయకత్వంలో అమెరికా సైన్యం పాలో డ్యూరో లోయలో వాళ్ల గుడారాల మీద పడింది. చంపిన మనుషుల సంఖ్య తక్కువే. కానీ గుడారాలూ చలికాలానికి దాచుకున్న తిండీ తగలబెట్టి, గుర్రాల్ని తోలుకుపోయి, టూలీ లోయలో వెయ్యికి పైగా గుర్రాల్ని కాల్చి చంపించారు. గుర్రం లేకపోతే వేట లేదు, వేట లేకపోతే తిండి లేదు. మరుసటి ఏడాదికల్లా మిగిలినవాళ్లు లొంగిపోయి రిజర్వేషన్లకు వెళ్లారు. ఖాళీ అయిన నేల పశువుల కంపెనీల చేతికి వచ్చింది. చార్లెస్ గుడ్‌నైట్, జాన్ అడేర్ అనే ఇద్దరి పేరిట నడిచిన జేఏ పశుక్షేత్రం లక్షల ఎకరాలు ఆక్రమించింది. టూలియా నిలిచిన చోటు కూడా ఒకప్పుడు దాని భాగమే. తర్వాత ఆ నేలను ముక్కలు చేసి తెల్ల రైతులకు అమ్మారు.

నల్లవాళ్లు ఇక్కడికి వచ్చింది పత్తి కోసం. టెక్సాస్ తూర్పు జిల్లాల్లో బానిసత్వం పోయాక కూడా కౌలు అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాలు 20వ శతాబ్దంలో పడమటి మైదానాల్లో పత్తి పెరిగేకొద్దీ కూలికి వలస వచ్చాయి. తెల్లవాళ్ల ఇళ్లు ఒక పక్క, వీళ్ల గుడిసెలు ఇంకో పక్క. ఆ గుడిసెల వాడను ఫ్లాట్స్ అనేవారు. వాడ అనే మాట మనకు కొత్తగా వివరించాల్సింది కాదు. చేలో పనికి, సంతలో పశువులు తోలడానికి, గడ్డిమోపులు మోయడానికి వాడ కావాలి. సాయంత్రమయ్యేసరికి వాడ వాడలోనే ఉండాలి.

పత్తి ఏరే యంత్రాలు వచ్చాక కూలి తగ్గింది. 1980లలో అమెరికా అంతటా చిన్న రైతు అప్పుల్లో మునిగినప్పుడు టూలియా బజారు కూడా వెలవెలబోయింది. దుకాణాలు మూతపడ్డాయి. 1990ల మధ్యలో ఊరి బయట రాష్ట్ర ప్రభుత్వం ఒక జైలు కట్టింది. ఆ ప్రాంతపు ఊళ్లకు అప్పట్లో జైలు రావడమంటే ఫ్యాక్టరీ వచ్చినట్టే. జీతాలొస్తాయి. తర్వాత కోల్‌మన్ కేసుల్లో సొంత బిడ్డలు జైలుకెళ్లిన ఒక తల్లి చేస్తున్న ఉద్యోగం కూడా జైలు కాపలాదే.

అరెస్టుకు ఇంత అని

టూలియాలో ఏం జరిగిందో అర్థం కావాలంటే డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. 1980లలో అమెరికా మత్తుపదార్థాల మీద యుద్ధం ప్రకటించింది. 1988లో న్యూయార్కులో హత్యకు గురైన ఎడ్వర్డ్ బర్న్ అనే యువ పోలీసు పేరుతో కేంద్రం ఒక నిధి పెట్టింది. ఆ డబ్బుతో రాష్ట్రాల్లో ప్రాంతీయ టాస్క్‌ఫోర్సులు పుట్టాయి. టెక్సాస్‌లో అవి డజన్ల కొద్దీ వెలిశాయి. స్థానిక షెరీఫులు, ప్రాసిక్యూటర్లు కలిసి నడిపే ఈ దళాల మీద గట్టి పర్యవేక్షణ లేదు. ఎన్ని అరెస్టులు చేశారు, ఎందరికి శిక్షలు వేయించారు అన్న అంకెలే వాటి పనికి కొలమానం. వచ్చే ఏడాది డబ్బు రావాలంటే ఈ ఏడాది అంకె పెరగాలి. పెద్ద వ్యాపారిని పట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. వీధిలో నిలబడ్డ పేదవాణ్ణి పట్టుకోవడానికి ఒక పూట చాలు. లెక్కలో రెండూ ఒకటే.

అమరిల్లో కేంద్రంగా పనిచేసిన ప్యాన్‌హ్యాండిల్ టాస్క్‌ఫోర్స్ 1998 మొదట్లో టామ్ కోల్‌మన్‌ను తీసుకుంది. టూలియాలో మారువేషంలో ఉండి మత్తుపదార్థాలు కొనడం అతడి పని. అతడి తండ్రి టెక్సాస్ రేంజర్, ఆ ప్రాంతంలో పేరున్నవాడు. కొడుకు సంగతి వేరు. అంతకుముందు కోక్రన్ కౌంటీలో డిప్యూటీగా ఉంటూ చెప్పాపెట్టకుండా ఉద్యోగం వదిలి పోయాడు. ఊరినిండా వేల డాలర్ల అప్పులు మిగిల్చాడు. ఇతణ్ణి మళ్లీ పోలీసు ఉద్యోగంలో పెట్టుకోవద్దని అక్కడి షెరీఫ్ రాష్ట్ర సంస్థకు లేఖ రాశాడు. 1998 ఆగస్టులో, అంటే టూలియా ఆపరేషన్ నడుస్తుండగానే, ప్రభుత్వ పెట్రోలు సొంతానికి వాడుకున్నాడన్న దొంగతనం కేసులో కోల్‌మన్ మీద వారెంటు వచ్చింది. తన దగ్గర పనిచేస్తున్న మనిషి మీద వచ్చిన వారెంటును స్విషర్ కౌంటీ షెరీఫే అమలు చేయాల్సి వచ్చింది. కోల్‌మన్ డబ్బు కట్టాడు, కేసు కొట్టేశారు, అతడు మళ్లీ పనిలోకి వచ్చాడు. ఒక నల్ల కూలివాడి మీద అలాంటి కేసే ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం కష్టం కాదు.

పద్దెనిమిది నెలల పాటు కోల్‌మన్ మారుపేరుతో ఊళ్లో తిరిగాడు. జుట్టు పెంచుకుని కూలివాడిలా ఉండేవాడు. వందకు పైగా కొనుగోళ్లు చేశానన్నాడు. ఒక్కడే వెళ్లాడు. వెనక ఇంకో అధికారి లేడు, ఒంటి మీద రికార్డర్ లేదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న వివరాలు కాలి మీద రాసుకునేవాణ్ణని కోర్టులో చెప్పాడు. ఇంటికెళ్లి స్నానం చేస్తే పోయే సాక్ష్యం మీద మనుషులకు దశాబ్దాల శిక్షలు పడ్డాయి.

ఇంకో సంగతి. అతడు కొన్నానన్న సరుకు ఎక్కువగా పొడి కొకెయిన్. అది డబ్బున్నవాళ్ల మత్తు. టూలియా నల్లవాడలో అంత ఖరీదైన సరుకు అమ్మేవాళ్లు నలభై మంది ఉంటే కొనేవాళ్లెవరు? జప్తు చేసిన పొట్లాల్లో కొకెయిన్ పాలు కూడా బాగా తక్కువ. కొద్ది సరుకును కల్తీ చేసి పొట్లాలు కట్టి, ప్రభుత్వం ఇచ్చిన డబ్బు కోల్‌మన్ జేబులో వేసుకున్నాడన్నది తర్వాత వాదించిన లాయర్ల అనుమానం. అరెస్టుల నాడు ఇళ్లన్నీ గాలిస్తే మత్తుపదార్థాలు దొరకలేదు, ఆయుధాలు దొరకలేదు, డబ్బు కట్టలు దొరకలేదు. ఊరంతా కొకెయిన్ అమ్ముతున్నారన్న వాడ అది.

తెల్లవారుజాము

నిద్ర లేవకముందే తలుపులు కొట్టారు. బట్టలు వేసుకునే వ్యవధి కూడా చాలామందికి ఇవ్వలేదు. లోదుస్తుల్లో, చెదిరిన జుట్టుతో, చేతులకు బేడీలతో కౌంటీ జైలు ముందు నడిపించారు. టీవీ కెమెరాలు అప్పటికే వచ్చి సిద్ధంగా ఉన్నాయి. స్థానిక పత్రిక ఒకటి ఊరి వీధుల్లోంచి చెత్త ఊడ్చేశారన్న అర్థంలో శీర్షిక పెట్టింది. విచారణ ఇంకా మొదలే కాలేదు. అదే పత్రిక చదివే ఊరివాళ్లలో నుంచే జ్యూరీ సభ్యులు రావాలి. కేసులు వేరే ఊరికి మార్చమన్న అభ్యర్థనలు నిలవలేదు.

మొదట విచారించింది జో మూర్‌ను. వయసు అరవైకి దగ్గరపడింది. పందులు పెంచుకుంటూ, గడ్డి మోస్తూ బతికేవాడు. ఒకప్పుడు ఫ్లాట్స్‌లో చిన్న సారా దుకాణం లాంటిది నడిపాడు. స్విషర్ కౌంటీలో మద్యనిషేధం ఉండేది కాబట్టి అది చట్టవిరుద్ధమే, కానీ తెల్లవాళ్లు కూడా తాగడానికి వచ్చేవారు. ప్రాసిక్యూషన్ అతణ్ణి ఊరి మత్తు వ్యాపారానికి అధిపతిగా చూపించింది. అధిపతి ఉండే ఇల్లు కూలడానికి సిద్ధంగా ఉన్న పాక. 1999 డిసెంబరులో జ్యూరీ అతడికి 90 ఏళ్ల శిక్ష వేసింది. పాత శిక్ష ఒకటి ఉండటం వల్ల అంత పెరిగింది. అతడు అమ్మాడన్న కొకెయిన్ మొత్తం కలిపినా పది గ్రాములు కాదు.

ఆ తర్వాత వరసగా 20 ఏళ్లు, 25 ఏళ్లు, 60 ఏళ్లు. బడికీ పార్కుకూ వెయ్యి అడుగుల లోపల అమ్మితే శిక్ష పెంచే చట్టం ఉంది. అంత చిన్న ఊళ్లో బడికి దూరంగా ఉండే వీధులెన్ని? ఒక్కో కొనుగోలుకు ఒక్కో కేసు పెట్టి, శిక్షలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. అందరికన్నా పెద్ద శిక్ష పడింది ఒక తెల్ల యువకుడికి. మొత్తం 300 ఏళ్లు దాటింది. అరెస్టయిన కొద్దిమంది తెల్లవాళ్లలో అతడొకడు. నల్లజాతి అమ్మాయితో కలిసి బతుకుతూ బిడ్డను కన్నాడు. కులం దాటి పెళ్లి చేసుకున్నవాళ్ల గురించి రాసే మాలాంటి చోట ఈ వివరం మీద వ్యాఖ్య అక్కర్లేదు.

నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తామన్న బేరం అమెరికా కోర్టుల్లో రోజూ జరిగేదే. ఇరవైల్లో ఉన్న ఒక కుర్రాడికి ఐదేళ్లతో పోనిస్తామన్నారు. చేయని నేరం ఒప్పుకోవద్దని తండ్రి చెప్పాడు. కుర్రాడు విచారణకు నిలబడ్డాడు. 20 ఏళ్లు పడ్డాయి. ఇవన్నీ చూసిన తర్వాత జైల్లో ఉన్న మిగతావాళ్లకు ధైర్యం ఎక్కడుంటుంది? చాలామంది చేయని నేరాన్ని ఒప్పుకుని తక్కువ శిక్షతోనో ప్రొబేషన్‌తోనో బయటపడ్డారు. నేరం ఒప్పుకున్నవాడికి ప్రభుత్వ ఇల్లు పోవచ్చు, ఉద్యోగం దొరకదు, ఓటు పోతుంది. చివరికి 38 మందికి శిక్షలు పడ్డాయి. టెక్సాస్ రాష్ట్రం కోల్‌మన్‌ను ఆ ఏటి ఉత్తమ అధికారిగా ఎంపిక చేసింది. బహుమతి అందించింది అప్పటి అటార్నీ జనరల్ జాన్ కార్నిన్.

అబద్ధం చిరిగిన చోట్లు

కొన్ని కేసులు మొదట్లోనే బెడిసికొట్టాయి. కోల్‌మన్ తనకు సరుకు అమ్మాడన్న ఒక నల్లవాణ్ణి రిపోర్టులో పొడుగ్గా, గుబురు జుట్టుతో ఉంటాడని వర్ణించాడు. అసలు మనిషి పొట్టివాడు, బట్టతల. ఇంకొకడు అమ్మకం జరిగిందన్న సమయానికి పనిలో ఉన్నాడు. టైమ్‌కార్డు ఉంది, యజమాని సాక్ష్యం చెప్పాడు. మరో యువతి ఆ రోజు వందల కిలోమీటర్ల దూరాన ఓక్లహోమా సిటీ బ్యాంకులో డబ్బు పని చూసుకుంటోంది. బ్యాంకు రికార్డే అందుకు రుజువు. 2002లో ఆమె మీద కేసు ఎత్తేశారు. పేదవాడి దగ్గర కాగితం ఉంటే బయటపడ్డాడు. ఆ పూట ఇంట్లో పడుకున్నవాడు, వీధి అరుగు మీద కూర్చున్నవాడు తన అమాయకత్వానికి రసీదు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఊళ్లో కొందరు తెల్లవాళ్లు కూడా నోరు తెరిచారు. విశ్రాంత బాప్టిస్టు పాస్టరు చార్లెస్ కైకర్, ఆయన అల్లుడు అలన్ బీన్ కుటుంబాలు జైలుకెళ్లినవాళ్ల ఇళ్లవాళ్లతో కలిసి కూర్చోవడం మొదలుపెట్టాయి. అలా ఫ్రెండ్స్ ఆఫ్ జస్టిస్ అనే చిన్న బృందం పుట్టింది. గ్యారీ గార్డ్‌నర్ అనే రైతు కథ ఇంకా వేరు. ఉద్యమాలకు సంబంధం లేనివాడు, మొరటు మనిషి. బడిపిల్లలందరికీ మత్తు పరీక్షలు చేయాలన్న నిబంధన మీద స్కూలు బోర్డుతో అప్పటికే కోర్టులో తగువు పెట్టుకున్నాడు. ప్రభుత్వం మాటను గుడ్డిగా నమ్మకూడదన్నది అతడి మొండితనం. ఆ మొండితనంతోనే కోల్‌మన్ కాగితాలు సేకరించి, లాయర్లకు ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాడు. ఇలాంటి నలుగురైదుగురికి ఊరి చర్చిల్లో, కాఫీ హోటళ్లలో పలకరింపులు ఆగిపోయాయి.

2000లో టెక్సాస్ అబ్జర్వర్ పత్రికలో నేట్ బ్లేక్స్‌లీ రాసిన కథనం విషయాన్ని ఊరి బయటకు తెచ్చింది. తర్వాత అతడే దీని మీద పుస్తకం రాశాడు. న్యూయార్క్ టైమ్స్‌లో బాబ్ హర్బర్ట్ 2002లో వరసగా వ్యాసాలు రాశాక దేశం మొత్తం టూలియా పేరు విన్నది. కోర్టులో మొదటి నుంచీ పోరాడింది అమరిల్లో లాయర్ జెఫ్ బ్లాక్‌బర్న్. పెద్ద ఆఫీసు కాదు, డబ్బు లేదు. ఒక్కడే అన్ని కేసులూ మోయలేడు.

అప్పుడు వచ్చింది వనితా గుప్తా. భారతదేశం నుంచి వలస వెళ్లిన తల్లిదండ్రుల బిడ్డ. ఫిలడెల్ఫియాలో పుట్టింది. 2001లో న్యూయార్క్ యూనివర్సిటీలో లా పూర్తి చేసి ఎన్‌ఏఏసీపీ లీగల్ డిఫెన్స్ ఫండ్‌లో చేరింది. బ్రౌన్ కేసులో బడుల్లో వర్ణ విభజనను కొట్టేయించిన థర్‌గుడ్ మార్షల్ స్థాపించిన సంస్థ అది. చేరిన కొత్తలోనే టూలియా వెళ్లి, కోర్టు కాగితాల పెట్టెలు మోసుకుని వచ్చింది. అదే ఆమె మొదటి పెద్ద కేసు. ఆమె చొరవతో వాషింగ్టన్‌లోని పెద్ద లా కంపెనీలు ఫీజు లేకుండా పనిచేయడానికి ముందుకొచ్చాయి. ఆమె నల్లజాతి వ్యక్తి కాదు, టెక్సాస్ మనిషి కాదు. అయినా జైలుకెళ్లినవాళ్ల తల్లుల వంటింట్లో కూర్చుని ఒక్కో కేసూ రాసుకుంది. విదేశాల్లో మనవాళ్ల ఘనత అని పత్రికలు రాసే జాబితాల్లో కంపెనీల అధిపతుల పేర్ల మధ్య ఈ పని కనపడటం అరుదు.

2003 మార్చి

శిక్ష పడ్డవాళ్లలో నలుగురి హెబియస్ కార్పస్ పిటిషన్ల మీద సాక్ష్యం వినమని టెక్సాస్ క్రిమినల్ అప్పీళ్ల కోర్టు ఆదేశించింది. ఆ నలుగురిలో జో మూర్ ఒకడు. స్థానిక జడ్జి తప్పుకోవాల్సి వచ్చింది. డల్లాస్ నుంచి రాన్ చాప్‌మన్ అనే విశ్రాంత జడ్జిని పంపారు. 2003 మార్చిలో టూలియా కోర్టులోనే విచారణ జరిగింది.

కోల్‌మన్‌ను సాక్షి బోనులో నిలబెట్టి గంటల తరబడి ప్రశ్నించారు. ఒక జవాబుకీ ఇంకో జవాబుకీ పొంతన లేదు. పెట్రోలు దొంగతనం కేసు గురించి ఎప్పుడు తెలిసిందన్న దగ్గర మాట మార్చాడు. నల్లవాళ్లను తిట్టే మాటను మామూలుగా వాడతానని ఒప్పుకున్నాడు. పాత ఊళ్లలో అతడితో పనిచేసిన అధికారులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అతణ్ణి నమ్మలేమని చెప్పారు. ప్రభుత్వం తరఫున ప్రత్యేక ప్రాసిక్యూటర్‌గా వచ్చిన రాడ్ హాబ్సన్ విచారణ మధ్యలోనే చేతులెత్తేశాడు. సమర్థించడానికి ఏమీ మిగల్లేదు. కోల్‌మన్ నమ్మదగిన సాక్షి కాదని రెండు పక్షాలూ ఒప్పుకుని కాగితం రాసుకున్నాయి. నలుగురివే కాదు, మొత్తం 38 శిక్షలూ రద్దు చేయాలని జడ్జి సిఫారసు చేశాడు. తన పాతికేళ్ల జడ్జి జీవితంలో ఇంత కపటమైన పోలీసు సాక్షిని చూడలేదని రాశాడు.

అప్పటికీ తలుపులు వెంటనే తెరుచుకోలేదు. సిఫారసు మీద పై కోర్టు నిర్ణయం ఎప్పుడొస్తుందో తెలియదు. వాళ్లను బెయిలు మీద వదలడానికి టెక్సాస్ శాసనసభ ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది. 2003 జూన్ 16న 12 మంది కోర్టు మెట్లు దిగి బయటికి వచ్చారు. ఆగస్టు 22న గవర్నర్ రిక్ పెర్రీ 35 మందికి క్షమాభిక్ష ఇచ్చాడు. చేయని నేరానికి క్షమించడం అనేది చట్టం వాడే మాట. మాకు అంతకన్నా మంచి మాట ఆ చట్టంలో కనపడలేదు.

2004లో అమరిల్లో నగరం 50 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. టాస్క్‌ఫోర్స్‌ను రద్దు చేసింది. అంతకుముందు కౌంటీ ఇచ్చినదానితో సహా మొత్తం 60 లక్షల దాకా వచ్చింది. లాయర్ల ఖర్చులు పోగా మిగిలినదాన్ని జైల్లో గడిపిన కాలాన్ని బట్టి 45 మంది పంచుకున్నారు. నాలుగేళ్లలో చిన్న పిల్లలు పెద్దమ్మలూ అమ్మమ్మల దగ్గర పెరిగారు. ఆ కాలం ఏ ఖాతాలోకీ రాలేదు. ప్రాసిక్యూటర్ టెర్రీ మెకీచర్న్ 2004 ఎన్నికల్లో ఓడిపోయాడు.

కోల్‌మన్ మీద కేసు నడిచింది. 2005 జనవరిలో లబ్బాక్ జ్యూరీ ఒక అభియోగంలో అతణ్ణి దోషిగా తేల్చింది. ఏ అభియోగం? 46 మంది మీద కట్టిన కేసుల గురించి కాదు. పెట్రోలు దొంగతనం కేసు సంగతి తనకు ఎప్పుడు తెలిసిందన్న విషయంలో ప్రమాణం చేసి అబద్ధం చెప్పినందుకు. పదేళ్ల ప్రొబేషన్ వేశారు. ఒక్క రోజు కూడా జైలు శిక్ష లేదు.

చట్టంలో వదిలేసిన సందు

టూలియా గొడవ మొదలయ్యాక 2001లోనే టెక్సాస్ శాసనసభ ఒక చట్టం చేసింది. మత్తుపదార్థాల కేసుల్లో రహస్య ఇన్‌ఫార్మర్ ఒక్కడి సాక్ష్యం మీద శిక్ష వేయకూడదు, దాన్ని బలపరిచే ఆధారం ఇంకొకటి ఉండాలి అన్నది దాని సారాంశం. దీన్ని టూలియా సంస్కరణల్లో ఒకటిగా చెప్తారు. చదివి చూస్తే లైసెన్సు ఉన్న పోలీసు అధికారికి ఈ నియమం వర్తించదు. కోల్‌మన్ లైసెన్సు ఉన్న అధికారి. అతడి పేరు మీద వచ్చిన చట్టం అతడు చేసిన పనిని ఆపదు.

ఆ చట్టం టూలియాకు దక్షిణ తూర్పున ఉన్న హర్న్ అనే ఇంకో చిన్న ఊరికి మాత్రం పనికొచ్చే రకం. 2000 నవంబరులో అక్కడా ఇలాగే ఒక టాస్క్‌ఫోర్స్ 28 మందిని, దాదాపు అందరూ నల్లవాళ్లే, ఒక ఇన్‌ఫార్మర్ మాట మీద పట్టుకుంది. కేసులు నిలవలేదు. ఈ కేసుల తర్వాత కొన్నేళ్లలో టెక్సాస్ ఈ టాస్క్‌ఫోర్సులకు డబ్బు ఆపేసింది. టూలియా ఆ రకంగా ఒక్క ఊరి సంగతిగా మిగల్లేదు.

వనితా గుప్తా 2014లో ఒబామా ప్రభుత్వంలో న్యాయశాఖ పౌరహక్కుల విభాగానికి అధిపతి అయింది. ఫెర్గూసన్, బాల్టిమోర్, షికాగో పోలీసుల మీద ఆ శాఖ ఇచ్చిన నివేదికలు ఆమె హయాంలోవే. 2021లో న్యాయశాఖలో మూడో అత్యున్నత పదవికి ఆమె పేరును బైడెన్ ప్రతిపాదించాడు. ఆ పేరును పరిశీలించిన సెనేట్ న్యాయ కమిటీలో టెక్సాస్ సెనేటర్ ఒకరున్నారు. కోల్‌మన్‌కు ఉత్తమ అధికారి బహుమతి అందించిన జాన్ కార్నిన్. ఏప్రిల్ 21న సెనేట్ 51–49 ఓట్లతో ఆమె నియామకాన్ని ఆమోదించింది. కార్నిన్ వ్యతిరేకంగా ఓటు వేశాడు.